తుప్పు మీద రాసిన అక్షరాలు, వాటికో రేకు పెట్టె

"పనికిరాని ఫ్లాపీ డ్రైవుకి పని గట్టుకుని పెట్టె చేయించడం ఏమిటి? అది కూడా పాతకాలపు పెట్టెలా కనబడేటట్టు! నువ్వు హేతువాదివా, పాత వస్తువుల భక్తుడివా?" ఈ మధ్య మిత్రులు నన్ను అడుగుతున్న ప్రశ్న ఇది. మా శ్రీకాకుళం పెద్దాయన ఒకరైతే "ఏటి బాబూ, దానికి గుడి కూడా కట్టీ" అన్నారు. గుడికీ పెట్టెకీ తేడా ఉందని ఆయనకు నోటితో చెప్పాను. మీకు రాసి చెబుతున్నాను.

ముందు ఈ సరదా గురించి తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1970, 80లలో వాడిన కంప్యూటర్ల డిస్కు డ్రైవుల్ని సేకరించి, బాగుచేసి, వాటికి ఆ కాలపు రూపంలో కొత్త డబ్బాలు చేసుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. కొందరు లోపల అసలు డ్రైవునే పెడతారు. కొందరు లోపల చిన్న ఎస్‌డీ కార్డు పెట్టి, పైన మాత్రం పాత డ్రైవు ముఖం తగిలిస్తారు. త్రీడీ ప్రింటర్లు చవకైన తరువాత ఈ రెండో రకం బాగా పెరిగింది. వీళ్లు అనుకరిస్తున్న ఆ పాత పెట్టె మొదట్లో అలా ఎందుకుంది? అసలు చరిత్ర అక్కడుంది.

1956లో ఐబీఎం సంస్థ రామాక్ అనే యంత్రంతో మొదటి డిస్కు డ్రైవును అమ్మకానికి తెచ్చింది. రెండడుగుల వెడల్పున్న పళ్లేలు యాభై ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, నిమిషానికి 1200 చుట్లు తిప్పేవారు. అందులో పట్టేది 50 లక్షల అక్షరాలు. బరువు టన్ను పైమాటే. దానికి పెట్టె అంటే మన ఇళ్లలో బీరువాల లాంటిదే, ఇంకా పెద్దది. అదే సంవత్సరం ఐబీఎం తన వస్తువుల రూపురేఖల కోసం ఎలియట్ నోయిస్ అనే వాస్తుశిల్పిని సలహాదారుగా పెట్టుకుంది. (మన పంచాంగాల వాస్తు కాదు లెండి, భవనాలు కట్టే వాస్తు.) అప్పటినుంచి కంప్యూటరు గదిలోని పెట్టెలన్నీ ఒకే కుటుంబం వాళ్లలా కనబడాలనే ఆలోచన బలపడింది. టేపు యంత్రాలకు అద్దం తలుపు ఉండటం వల్ల చక్రాలు తిరగడం బయటికి కనబడేది. సినిమాల వాళ్లకు అది వరం. ఆలోచించే యంత్రం అని చూపించాలంటే చక్రాలు తిప్పితే చాలు. నిజానికి లెక్క కట్టే పని ఆ చక్రాలలో జరగదు, అవి గోదాము మాత్రమే. అయినా జనం మనసులో కంప్యూటరు అంటే ఆ చక్రమే అయిపోయింది.

1962లో వచ్చిన ఐబీఎం 1311 బట్టలుతికే మిషన్ అంత ఉండేది. మూత ఎత్తి డిస్కుల కట్టను బయటికి తీయవచ్చు. 1973 నాటి 3340 మోడల్‌లో డిస్కునీ, దాన్ని చదివే తలనీ కలిపి మూసేశారు. విన్‌చెస్టర్ అన్న పేరు దానిదే. ఇలా మూయడానికి కారణం అందం కాదు, దుమ్ము. రామాక్‌లో తలకీ పళ్లేనికీ మధ్య ఖాళీ 20 మైక్రాన్ల దాకా ఉండేది. విన్‌చెస్టర్ నాటికి అది అర మైక్రాన్ దరిదాపులకు వచ్చింది. మనిషి తల వెంట్రుక మందం 50 నుంచి 100 మైక్రాన్లు. అంటే వెంట్రుకలో నూరో వంతు ఎత్తులో తల ఎగురుతూ పోతోందన్నమాట. కంటికి ఆనని ధూళి రేణువు అడ్డం వచ్చినా తల వెళ్లి పళ్లేన్ని గీరేస్తుంది. రాసినదంతా పోతుంది.

మన దేశంలో కంప్యూటరు గది బయట చెప్పులు విప్పే ఆచారం ఇక్కడినుంచే మొదలైంది. కారణం సహేతుకమైనది. కానీ మన వాళ్ల చేతిలో పడితే ఏ కారణమైనా ఎంతసేపు నిలుస్తుంది? చెప్పులు విప్పించారు, గది గర్భగుడి అయిపోయింది. 1980, 90లలో నేను చూసిన ఎన్నో గదుల్లో చెప్పులు బయట, అగరువత్తులు లోపల! దుమ్ము పడకూడదని చెప్పులు విప్పి, పొగ మాత్రం చేతులారా పెట్టడం. ఇక్కడ భిలాయిలో సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ ఘనంగా చేస్తారు. లేతు మిషన్‌కి బొట్టు పెడితే మిషన్‌కేమీ కాదు. అదే సిందూరం ఫ్లాపీ డ్రైవు నోటి దగ్గర రాలితే తల మీద పేరుకుంటుంది. ఇది నమ్మకాల మీద కోపంతో అంటున్న మాట కాదు. దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తల తుడిచిన ప్రతిసారీ ఎర్రగా వచ్చిన సాక్ష్యం.

అయితే ఎర్రగా వచ్చిందంతా సిందూరమే అనుకోకండి. ఇక్కడ భిలాయి వాళ్లకు తమాషాగా ఉండే సంగతి ఒకటుంది. మన కొలిమికి రాజహరా గనుల నుంచి వచ్చే ఖనిజం హెమటైట్, అంటే ఐరన్ ఆక్సైడ్. రెండు పాళ్లు ఇనుము, మూడు పాళ్లు ఆక్సిజన్ అణువులు. పాత ఫ్లాపీ మీద గోధుమరంగులో కనిపించే పూత కూడా ఐరన్ ఆక్సైడే, అవే రెండు, అవే మూడు పాళ్లు. తేడా అల్లా అణువుల అమరికలో. గనిలోది ఆల్ఫా రకం, దాని అయస్కాంత గుణం చాలా బలహీనం. ఫ్లాపీ మీదది గామా రకం, గట్టిగా అయస్కాంతపు ముద్ర పట్టుకుంటుంది. ఒకే వంటసరుకు, వంట వేరు. సొగసుగా చెప్పుకోవాలంటే ఏదో చెప్పుకోవచ్చు గానీ, మనం దశాబ్దాల పాటు మన ఉత్తరాల్నీ, లెక్కల్నీ ఒక రకం తుప్పు మీద రాసుకున్నాం, అంతే.

సరే, ఫ్లాపీ దగ్గరికి వద్దాం. 1971లో ఎనిమిది అంగుళాల ఫ్లాపీ వచ్చింది. 1976లో షుగార్ట్ సంస్థ అయిదుంపావు అంగుళాల డ్రైవు ఎస్‌ఏ 400 తెచ్చింది. దీంతో డిస్కు బీరువా నుంచి బల్ల మీదకి దిగింది. డ్రైవు వట్టిగా ఒక లోహపు చట్రంలో వచ్చేది. దానికి పెట్టె, కరెంటు కొనుక్కున్నవాడి బాధ్యత. అందుకే రకరకాల పెట్టెలు పుట్టాయి. 1978 నాటి ఆపిల్ డిస్క్ 2కి లేత గోధుమరంగు పూసిన రేకు పెట్టె. 1982 నాటి కమోడోర్ 1541లో కరెంటు భాగాన్ని కూడా లోపలే పెట్టారు, అది వేడెక్కడంలో పేరుమోసింది. తరువాత వచ్చిన 1541-2లో కరెంటు భాగాన్ని బయట పెట్టారు. పెట్టె చేసేవాడు నేర్చుకోవలసిన పాఠం అదే.

మన దేశం సంగతి వేరు. హైదరాబాదులో 1967లో అయ్యగారి సాంబశివరావు గారి పూనికతో ఈసీఐఎల్ మొదలైంది. 1969 నాటికి టీడీసీ 12 అనే కంప్యూటరు తయారైంది. 1978లో ఐబీఎం దేశం వదిలిపోయింది. మామూలు మనిషికి మాత్రం కంప్యూటరు చాలాకాలం గాజు తలుపు వెనక వస్తువే. 1984-85లో కేంద్ర ప్రభుత్వం క్లాస్ అనే పథకం కింద పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంగ్లండులో ఏకార్న్ సంస్థ చేసిన యంత్రం అది. పథకం ఎంత బాగా నడిచిందన్న చర్చకు నేను పోను. చాలాచోట్ల యంత్రాలకు తాళం వేసి, పైన గుడ్డ కప్పి ఉంచారు. కొన్నిచోట్ల ఒక్క మాస్టారు పట్టుబట్టి నేర్చుకున్నారు.

అలాంటి మాస్టారొకరు ఇక్కడ ఉండేవారు. పేరు రాయను. లెక్కలు చెప్పేవారు, విజయనగరం వైపు మనిషి. భిలాయిలో తెలుగువాళ్ల పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో హిందీ, ఇంగ్లీషు. అక్షరం రాదు. ఆ యంత్రం మీద తెలుగు అక్షరమాల నేర్పాలని ఆయన పట్టుదల. బీబీసీ మైక్రోలో మనకు కావలసిన ఆకారాలు గీసుకోవడానికి మామూలుగా 32 అక్షరాల చోటిస్తుంది, 224 నుంచి 255 దాకా. ఒక్కొక్కటి ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఎనిమిది అంకెలు ఇస్తే ఒక ఆకారం. ఇంగ్లీషుకు అది చాలు. "క్ష"ని ఎనిమిది చుక్కల్లో ఇరికించి చూడండి! ఆయన వెడల్పు అక్షరాలను రెండు గళ్లలో గీశారు. వత్తులను కింది వరసలో పెట్టారు. 32 చాలవు కాబట్టి ఏ పాఠానికి ఆ పాఠం ఆకారాలనే ఎక్కించుకునేటట్టు ప్రోగ్రాములు విడగొట్టారు. నా దృష్టిలో ఇది ఇంజనీరింగే.

ఆయన పోయాక వాళ్లమ్మాయి ఆరు ఫ్లాపీలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "బాబాయ్ గారూ, ఇందులో నాన్న ఏం రాశారో నాకు తెలీదు. పైన తెలుగులో రాసిన చీటీ కూడా నాకు చదవడం రాదు" అంది. చీటీ మీద "ఒత్తులు, రెండో పాఠం" అని ఉంది.

ఇప్పుడు చెప్పండి, డ్రైవు పనికిరాని వస్తువా?

పాత సామాను కొట్లో నలభై ట్రాకుల డ్రైవు దొరికింది, వట్టి చట్రం. ఇలాంటి డ్రైవును ఇప్పటి కంప్యూటరుకు కలపడానికి గ్రీజ్‌వీజిల్ అనే చిన్న బోర్డు ఉంది. డిస్కు మీది అయస్కాంతపు మార్పులను ఉన్నవి ఉన్నట్టుగా యూఎస్‌బీ ద్వారా అందిస్తుంది. కానీ డ్రైవుకి 5 వోల్టులూ, 12 వోల్టులూ వేరే ఇవ్వాలి. విప్పి ఉన్న డ్రైవు మీద ఈ ఊరి దుమ్ము పడకూడదు. కాబట్టి పెట్టె కావాలి.

పెట్టె రేకు దగ్గర ఒక చమత్కారం. ఇంత పెద్ద ఉక్కు ఊళ్లో తయారయ్యేది రైలు పట్టాలు, కడ్డీలు, మందపాటి ప్లేట్లు. డబ్బాలకు పనికొచ్చే పలచని కోల్డ్ రోల్డ్ రేకు బొకారో లాంటి చోట్ల చేస్తారు. పవర్ హౌస్ దగ్గర రేకుల పని చేసే కుర్రాడు ఇరవై గేజి రేకు తీశాడు, అంటే 0.9 మిల్లీమీటరు. డ్రైవు వెడల్పు 146 మిల్లీమీటర్లు, నేను లోపలి కొలత 150 ఇచ్చాను. వంపు దగ్గర రేకు మందం తినేస్తుందని అతనే గుర్తు చేసి కొలత సరిచేశాడు. కింద ఒక "యు" ఆకారం, పైన దాన్ని కప్పే ఇంకో "యు". వెనక 34 పిన్నుల పట్టీ తీగకు సన్నటి గాడి, పక్కన గాలికి చీలికలు. కరెంటు అడాప్టరు బయటే. ఎర్తు తీగ మాత్రం రేకుకు బిగించాం. రంగు దగ్గర "భైయా, చమక్ వాలా?" అని అడిగాడు. వద్దన్నాను. పాత మీటర్లకీ, టెస్టింగ్ పెట్టెలకీ ఉండే ముడతల బూడిదరంగు, హ్యామర్‌టోన్, వేయించాను. అది కూడా అలంకారం కాదు. చేత్తో వంచిన రేకు మీది ఎగుడుదిగుళ్లను ఆ ముడతలు కప్పేస్తాయి. ఆ రోజుల్లో చిన్న కార్ఖానాలు ఆ రంగు వేసింది కూడా అందుకే అనుకుంటాను.

ఇక్కడే నాకూ, ఇతర సరదాకారులకూ పేచీ. కొందరు పనిచేసే పాత డ్రైవు పేగులు తీసి పారేసి, ఆ డొక్కులో కార్డు పెట్టుకుంటారు. అది చదవగలిగిన కన్నును పెరికి అద్దం కన్ను పెట్టడమే. ఇంకొందరు కొత్త ప్లాస్టిక్కుకు ఎండకు పసుపెక్కిన రంగు పూసి, ఏనాటిదో కంపెనీ బిళ్ల అంటించి, పాతదని అమ్మేస్తారు. తాళపత్రమని చెప్పి కొత్త ఆకు మీద పొగ పట్టించే వాళ్లకీ వీళ్లకీ తేడా ఏముంది? పాత రూపం చేసుకోండి, తప్పు లేదు. లోపల మాత్రం ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారో రాయండి. నా పెట్టె మూత లోపలివైపు "కొత్తగా చేసినది, భిలాయి" అని, సంవత్సరంతో సహా చెక్కించాను. రేపెవరైనా దీన్ని 1985 నాటిదని వాదిస్తే మూత విప్పితే చాలు.

ఆరింటిలో నాలుగు డిస్కులు మొదటిసారే వచ్చాయి. ఒకటి రెండుమూడు సార్లు తిప్పితే వచ్చింది. ఆరోదానికి బూజు. తొడుగు కత్తిరించి, డిస్కును నీళ్లలో మెల్లగా కడిగి, ఆరబెట్టి, ఇంకో తొడుగులో పెట్టి చదివిస్తే పది ట్రాకులు తప్ప మిగతావి దక్కాయి. ఒక్కొక్క డిస్కులో పట్టేది వంద కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని యూనికోడ్‌లో దాస్తే అందులో మూడో వంతు దాకా తినేస్తుంది. మాస్టారు ఒక డిస్కులో అచ్చులూ, హల్లులూ, గుణింతాలూ, పదకొండు పాఠాలూ పెట్టారు.

ఎమ్యులేటర్‌లో పాఠాలు నడిపి వాళ్లమ్మాయికి చూపించాను. "అ" ఎనిమిది చుక్కల ఎత్తున, కాస్త మెడ వంకరగా వచ్చింది. కింద "మళ్లీ రాయి" అని వస్తుంది, మీట నొక్కితే తరువాతి అక్షరం. ఆ అమ్మాయి "ఈ" దాకా వచ్చి, అప్పటికి చాలు అంది. ప్రతులు ముగ్గురి దగ్గర ఉన్నాయి. పోయిన పది ట్రాకుల్లో ఉన్నది "ఱ" నుంచి అని చీటీని బట్టి తెలుస్తోంది. మాస్టారి నోటుపుస్తకాల్లో ఆ ఎనిమిదేసి అంకెలు ఎక్కడైనా రాసి ఉన్నాయేమో ఆ అమ్మాయి వెతుకుతోంది.