పది లక్షల ఇళ్లు, ఒక పొదుపరి

2018 ఆగస్టు 9న హైదరాబాద్‌లో స్వీడన్ ఫర్నిచర్ సంస్థ ఐకియా దుకాణం తెరుచుకునేనాటికి ఆ సంస్థ స్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ కన్నుమూసి ఏడు నెలలు కూడా కాలేదు. పైసా పైసా కూడబెట్టి అపర కుబేరుడైన మనిషిగా ఆయన్ను తలుచుకోవడం మామూలే. నా దృష్టిలో అది సగం కథ. పొదుపరులు ఏ ఊళ్లోనైనా ఉంటారు. ఒకరి పొదుపు ఇంటింటికీ బల్లలూ కుర్చీలూ చేర్చే వ్యాపారంగా ఎదగాలంటే, ఆ దేశం కూడా అందుకు నేల దున్ని ఉంచాలి. స్వీడన్ ఆ పని చేసింది.

స్వీడన్‌లో కాంప్రాడ్ పెరిగిన స్మోలాండ్ ప్రాంతానిది రాళ్ల నేల. రాళ్లు ఏరి గట్టు పేరిస్తే గానీ పొలం అనిపించుకోదు. 19వ శతాబ్దం మధ్య నుంచి సుమారు 13 లక్షల మంది స్వీడన్ వదిలి అమెరికాకు వలసపోతే, వారిలో ఈ ప్రాంతంవారు ఎందరో. ఇక్కడ పొదుపు అంటే బతుకు నిలుపుకునే విద్య. 1943లో 17 ఏళ్ల వయసులో ఆయన ఐకియా పెట్టి, చిన్నచిన్న వస్తువులు తపాలాలో అమ్మారు. 1948లో ఫర్నిచర్‌కు మళ్లారు. దారిలో విరిగే బల్లల కాళ్లు, ఖాళీ జాగాకు కట్టే కిరాయి లాభాన్ని తినేస్తుంటే, 1956 నుంచి ఆ కాళ్లు విడదీసి చదునైన పెట్టెల్లో పంపించారు. బిగించుకునే పని కొన్నవారిది, అందుకు ప్రతిఫలం తగ్గిన ధర. పోటీ వర్తకులు సరుకు అందకుండా అడ్డుపడితే పోలండ్‌లో చేయించుకున్నారు. చవకదంటే నాసిరకమే అన్న అనుమానాన్ని 1964లో ఒక స్వీడిష్ గృహ పత్రిక జరిపిన పోలిక పోగొట్టింది.

ఇదంతా ఒక్కడి తెలివే కదా అనవచ్చు. కానీ కొనేవాళ్లు ఎక్కడి నుంచి వచ్చారు? దేశమే అందరి ఇల్లు కావాలని 1928లో స్వీడన్ నేత పెర్ ఆల్బిన్ హాన్సన్ పార్లమెంటులో చెప్పారు. జనాభా 80 లక్షల దగ్గరున్న ఆ దేశం 1965–74 మధ్య పది లక్షల ఇళ్లు కట్టించింది. ఆ కార్యక్రమం మొదలైన 1965లోనే స్టాక్‌హోమ్ శివారులో ఐకియా భారీ దుకాణం తెరిచింది. కొత్త ఇంటి తాళంచెవి అందుకున్న సామాన్యుడికి మంచం, బల్ల, బీరువా కావాలి. జేబులో ఉన్నది కొద్దిపాటి జీతం. కాంప్రాడ్ పొదుపు తలుపు తట్టింది ఆ ఇళ్లనే.

అందుకే ఆయన 1973లో పన్నుల భారం చూసి దేశం విడిచిపోవడం నన్ను బాధిస్తుంది. అంత పన్ను కడితే వ్యాపారం ముక్కలై చేతులు మారేదన్న వాదనలో నిజం లేకపోలేదు. సంపద పన్నును స్వీడన్ కూడా తర్వాత ఎత్తేసింది. అయినా, కొనేవాళ్లకు గూడు కల్పించింది ఉమ్మడి సొమ్మే. అందులో తన వాటా మిగుల్చుకోవడాన్ని పొదుపు అనలేం. చవక ధర వెనక మరో మచ్చ కూడా ఉంది. ఒకప్పటి తూర్పు జర్మనీలో ఖైదీల చేత సరుకు చేయించారని తేలి 2012లో ఐకియా విచారం తెలిపింది. తగ్గిన ధర ఎవరి వీపు మీద పడిందో అడగాలని అది నేర్పుతుంది. మన దగ్గర కాంప్రాడ్‌లు పుట్టాలని కోరుకునేవారు ఆయన పిసినారితనం కథలతో ఆగిపోకూడదు. ఆ పది లక్షల ఇళ్ల కథ కూడా చదవాలి.