మార్చి మంగళవారం: బర్లింగ్టన్ నగరంలో ఓటు, మొగ్గు

అమెరికా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దుకు చేరువలో, షాంప్లేన్ సరస్సు ఒడ్డున ఉన్న బర్లింగ్టన్ వెర్మాంట్ రాష్ట్రంలో అతి పెద్ద నగరమే అయినా, 1980 నాటికి దాని జనాభా 38 వేలకు మించలేదు. వెర్మాంట్ తరతరాలపాటు రిపబ్లికన్ పార్టీకి కంచుకోటగా ఉండేది; 1936లో డెమొక్రాట్ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దేశమంతా గెలిచినప్పుడు ఆయనను కాదన్న రెండే రాష్ట్రాల్లో ఇది ఒకటి, రెండోది మెయిన్. అయితే కలప వ్యాపారం, జౌళి మిల్లులు రప్పించిన ఐరిష్, ఫ్రెంచి కెనడియన్ కాథలిక్ కార్మికుల వల్ల బర్లింగ్టన్ మాత్రం డెమొక్రాట్ల వైపు మొగ్గింది. 1903లో తొలిసారి మేయరైన జేమ్స్ బర్క్ వృత్తిరీత్యా కమ్మరి, ఐరిష్ సంతతివాడు. నగరానికి సొంత విద్యుత్ వ్యవస్థ 1905లో ఏర్పడింది ఆయన పట్టుదల వల్లనే. 

ఇక్కడి స్థానిక ఎన్నికలు నవంబరులో అధ్యక్ష ఎన్నికలతో కలిసి జరగవు. న్యూ ఇంగ్లండ్ ప్రాంతపు పాత ఆచారం ప్రకారం మార్చి మొదటి మంగళవారాన్ని టౌన్ మీటింగ్ రోజు అంటారు. పల్లెల్లో ఆ రోజు జనం ఒకచోట చేరి ఊరి పద్దులు ఆమోదిస్తే, నగరంలో వార్డులవారీగా పోలింగ్ జరుగుతుంది. మంచు ఇంకా కరగని ఆ రోజున, నవంబరు పోటీల ప్రచార హోరు లేకుండా జరిగే పోలింగుకు వచ్చేవారు సహజంగానే తక్కువ. దానికి తోడు, పార్టీ అభ్యర్థిని కాకస్ అనే కార్యకర్తల సమావేశం ఎంపిక చేస్తుంది కనుక, ఆ సమావేశాన్ని చేతిలో పెట్టుకున్న వర్గానికి అసలు ఎన్నిక చాలాసార్లు లాంఛనంగా మిగిలేది.

1970లలో ఓటర్ల జాబితా స్వరూపమే మారిపోయింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ఓటు వయసును 18 ఏళ్లకు తగ్గించింది. మరుసటి ఏడాది సుప్రీంకోర్టు, ఓటుకు ఏడాది నివాసం తప్పనిసరన్న టెన్నెస్సీ నిబంధనను కొట్టివేయడంతో దీర్ఘ నివాసపు షరతులు ఇతర రాష్ట్రాల్లోనూ నిలవలేకపోయాయి. విశ్వవిద్యాలయం ఉన్న ఈ ఊరికి, యువత పెద్ద నగరాలను విడిచి వెర్మాంట్‌కు వలస వస్తున్న కాలంలో, ఈ రెండు మార్పులు ఎంత ముఖ్యమైనవో ఊహించవచ్చు. అయినా ఆ దశాబ్దమంతా పాత పద్ధతే సాగింది. 1971లో మేయరైన డెమొక్రాట్ గోర్డన్ పాకెట్, రెండేళ్ల పదవీకాలాలు ఐదింటిని వరుసగా పూర్తిచేశాడు.

1981 మార్చి 3న ఆయనపై స్వతంత్రుడిగా నిలిచిన సోషలిస్టు బెర్నీ శాండర్స్ అంతకుముందు రాష్ట్రస్థాయి ఎన్నికల్లో నాలుగుసార్లు ఓడినవాడు. ఈసారి ఆస్తిపన్ను పెంపును వ్యతిరేకించి, సరస్సు ఒడ్డున తలపెట్టిన ఖరీదైన నిర్మాణాలను ప్రశ్నించి, అద్దె ఇళ్లు ఎక్కువగా ఉన్న ఓల్డ్ నార్త్ ఎండ్ పేటలో ఇంటింటికీ తిరిగాడు. పోలీసుల సంఘం ఆయనను సమర్థించింది. రిపబ్లికన్లు అభ్యర్థినే నిలపలేదు. డెమొక్రాట్లలోంచి బయటికి వచ్చిన రిచర్డ్ బోవ్ వెయ్యికి పైగా ఓట్లు చీల్చాడు. రీకౌంటింగ్ తర్వాత తేలిన ఆధిక్యం 10 ఓట్లు. దీన్ని సోషలిజం విజయమని నాటి పత్రికలు చాటినా, పది ఓట్ల తేడాను, అదీ నాలుగు నెలల ముందే రిపబ్లికన్ రేగన్‌ను గెలిపించిన రాష్ట్రంలో, భావజాల విప్లవంగా చదవడం తొందరపాటే అవుతుంది.

అసలు మార్పు ఆ తర్వాతిది. పదమూడుగురు సభ్యుల నగర పాలక మండలిలో కొత్త మేయరుకు ఇద్దరే మద్దతుదారులు. తక్కినవారు ఆయన నియామకాలను తిరస్కరించారు. ఆ మొండితనం వారికే చేటు తెచ్చింది. 1982 వార్డు ఎన్నికల్లో ఆయన పక్షం బలం పెంచుకుని, మేయరు వీటోను నిలబెట్టుకోగల స్థితికి చేరింది. 1981లో పదివేలకు కాస్త లోపున ఉన్న ఓట్లు 1983 మేయరు ఎన్నికలో 13 వేలు దాటగా, ముక్కోణపు పోటీలో శాండర్స్‌కు 52 శాతం దక్కాయి. నగరం వామపక్షం వైపు జరిగిందనడం కంటే, అంతకుముందు ఓటెయ్యని అద్దె ఇళ్లవారు, యువకులు మార్చిలో కూడా పోలింగ్ కేంద్రానికి వచ్చారనడం సత్యానికి దగ్గర.

ఆ మొగ్గు శాశ్వతమూ కాలేదు. శాండర్స్ వారసుడు పీటర్ క్లావెల్ 1993లో రిపబ్లికన్ పీటర్ బ్రౌనెల్ చేతిలో ఓడి, 1995లో తిరిగి గెలిచాడు. 2009లో ర్యాంకుల పద్ధతిలో జరిగిన మేయరు ఎన్నిక వివాదం రేపింది. ఓటరు అభ్యర్థులను తన ఇష్టక్రమంలో గుర్తించడం, చివరివారిని తొలగిస్తూ వారి ఓట్లను తదుపరి ఎంపికలకు బదిలీ చేయడం ఆ పద్ధతి సారం. తొలి లెక్కింపులో రిపబ్లికన్ కర్ట్ రైట్ ముందుండగా చివరికి ప్రోగ్రెసివ్ పార్టీ అభ్యర్థి బాబ్ కిస్ గెలిచాడు. మూడో స్థానంలో నిలిచి తొలగిపోయిన డెమొక్రాట్ ఆండీ మాంట్రోల్ మాత్రం, ముఖాముఖి పోలిస్తే ఆ ఇద్దరినీ ఓడించగలిగేవాడని బ్యాలెట్లే చూపాయి. ఓటర్లు 2010లో ఆ పద్ధతిని రద్దుచేశారు. తర్వాత 2021లో నగర పాలక మండలి ఎన్నికలకు, 2023లో మేయరు ఎన్నికకు దానినే మళ్లీ కోరుకున్నారు. 2024 మార్చిలో ప్రోగ్రెసివ్ అభ్యర్థి ఎమ్మా మల్వేనీ-స్టానక్ సగానికి పైగా ఓట్లతో నగర తొలి మహిళా మేయరుగా ఎన్నికైనప్పుడు, రెండో లెక్కింపు అవసరమే రాలేదు.