అంచు చెప్పే కథ

ఉక్కు మాట వస్తే మనవాళ్ళు వెంటనే నిజామాబాదు జిల్లా కోనసముద్రాన్ని తలచుకుంటారు. అక్కడి ఉక్కు పర్షియా దాకా వెళ్ళిన మాట నిజమే. అయితే ఉక్కు ఎలా పుట్టిందో చెప్పుకున్నంతగా, అది ఎలా తెగిందో చెప్పుకోము.

స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ నుంచి అరగంట ప్రయాణంలో, నార్త్ ఇప్స్విచ్‌లో పాత రైల్వే వర్క్‌షాపు ఉంది. క్వీన్స్‌లాండ్‌లో మొదటి రైలు 1865 జూలై 31న ఇప్స్విచ్ నుంచే బయలుదేరింది. వర్క్‌షాపులో 2002 నుంచి మ్యూజియం నడుస్తోంది. పిల్లలు ఇంజన్లు చూస్తుంటే నాకు బాయిలర్ ప్లేట్ల అంచులు గుర్తుకొస్తాయి. ఆ రోజుల్లో ప్లేట్లను మరకత్తెరతో కోసేవారు. కత్తెర కొంత లోతు వరకే కోస్తుంది, తక్కినది విరుగుతుంది. విరిగినచోట లోహం పెళుసెక్కి, సన్నని పగుళ్ళకు తావిస్తుంది. అందుకే 19వ శతాబ్దం చివర మంచి బాయిలర్ పనిలో కోసిన అంచును చిత్రిక పట్టి, చెడిన లోహాన్ని తీసివేసేవారు.

20వ శతాబ్దం మొదట్లో ఆక్సిజన్ మంట వచ్చింది. ఎర్రగా కాలిన ఇనుము ఆక్సిజన్ ధారలో మండిపోతుంది, అదే కోత. దళసరి ప్లేట్లకు ఇది మేలే. పలుచని రేకు మాత్రం వేడికి వంకరపోయేది, అడుగున చిట్టెం అంటుకునేది.

1964లో, బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ గారు అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను కనిపెట్టారు. 1967 మే నెలలో ఇంగ్లండులో పీటర్ హోల్డ్‌క్రాఫ్ట్ ఆ కిరణానికి ఆక్సిజన్ ధారను జోడించి 1 మిల్లీమీటరు ఉక్కు రేకును కోశారు. అంచు నున్నగా వచ్చింది. కాని పాత మంట గుణం ఒకటి వెంట వచ్చింది: అంచు మీద పలుచని ఆక్సైడ్ పొర.

ఆ పొర విలువ నాకు అనుభవంలో తెలిసింది. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక షాపులో లేజర్‌తో కోసిన రేకులకు రంగు వేసి పంపాము. కొలతలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొద్ది నెలల్లో అంచుల వెంట రంగు పెచ్చులుగా లేచి, తుప్పు పట్టి, సరుకంతా తిరిగివచ్చింది. రంగు పట్టుకున్నది ఉక్కును కాదు, ఆ పొరను. డ్రాయింగు గీసింది నేనే. అంచు ఎలా ఉండాలో అందులో ఒక్క ముక్కా రాయలేదు.

దీనికి విరుగుడు నైట్రోజన్. ఎక్కువ ఒత్తిడితో ఊదితే కరిగిన లోహాన్ని మండనివ్వకుండా కిందికి తోసేస్తుంది, అంచు తెల్లగా మెరుస్తుంది. గ్యాసు ఖర్చు ఎక్కువ, కాని రంగు నిలుస్తుంది. ఫోకస్ చెదిరినా, నాజిల్ అరిగినా, వేగం కుదరకపోయినా అడుగున బర్ మిగులుతుంది. అప్పుడు మళ్ళీ చేతికి ఆకురాయే గతి.

ఒకప్పుడు కోత అయ్యాక అంచును బాగుచేసేవారు. ఇప్పుడు కోతకు ముందే నిర్ణయించాలి. కంప్యూటర్ మీద గీతలు గీసే మన పిల్లలకు నా మనవి ఇదే: కొలతలతోపాటు, ఏ అంచుకు రంగు పడుతుందో, ఏ అంచును చెయ్యి తాకుతుందో కూడా రాయండి.