మడతచాకు: కమాను ఎటు మొగ్గుతుంది?

కత్తి పుట్టిన కొద్దికాలానికే ఒర కూడా పుట్టి ఉండాలి. ఒర లేని కత్తిని మొలలో దోపుకొని నడిచేవాడు శత్రువును చేరేలోగా తన తొడను తానే కోసుకొంటాడు. తాళ్లెక్కే గీత కార్మికుడు తన కత్తులను నడుముకు కట్టుకొన్న పొదిలో ఉంచుకొంటాడు. క్షురకుని కత్తికీ ఒక పొది ఉంది. అయితే ఈ రెండింటికీ ఒక తేడా ఉన్నది. గీతకత్తి నిటారుగానే పొదిలో దిగుతుంది. జనవ్యవహారంలో మంగలికత్తి అనబడేది మాత్రం ముందు తన పిడిలో తాను మడిగి, ఆ తరువాత పొదిలో చేరుతుంది. ఒరలో కత్తి ఇమడడం అందరికీ తెలిసినదే. పిడియే ఒర కావడం మడతకత్తి తెచ్చిన విశేషం.

'చాకు' అన్న మాట తెలుగునకు పారసీకం నుండి ఉర్దూ మీదుగా వచ్చినది. వచ్చిన మాట ఎంతగా మనదైపోయిందంటే, చురుకైన పిల్లవాణ్ణి 'చాకులాంటి కుర్రాడు' అని మెచ్చుకోవడానికి మనం దానినే వాడుకొంటున్నాము. ఈ వ్యాసానికి విషయం చాకు పదును కాదు. చాకును జేబులో వేసుకొని నడిచే మనిషికి దానివల్ల ఏ మేరకు భద్రత ఉన్నది, ఆ భద్రతను పనివారు ఎట్లా సమకూర్చారు, చట్టం దానిని ఏ దృష్టితో చూసింది అన్నదే ఇక్కడి ప్రశ్న. ఇది చిన్న ప్రశ్నగానే కనిపించవచ్చు. కాని ఈ చిన్న ప్రశ్న మీదనే కొన్ని ఊళ్ల బ్రతుకుతెరువు, కొందరి జైలుశిక్ష ఆధారపడి ఉన్నాయి.

ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్ వద్ద ఎముక పిడి గల ఒక మడతకత్తి దొరికింది. అది సుమారు క్రీస్తుపూర్వం 6వ శతాబ్ది నాటిదని పురావస్తు శాస్త్రజ్ఞులు నిర్ణయించారు. రోమను సామ్రాజ్య కాలపు మడతకత్తులు ఐరోపాలో అనేక చోట్ల లభించాయి. వీటిలో కమాను లేదు. ఒక చీల చుట్టూ అలుగు (కోసే పలకకు మన పాత పేరు ఇదే) తిరుగుతుంది. చీల బిగువు వల్ల కలిగే రాపిడియే దానిని నిలిపి ఉంచుతుంది. చీల వదులైన నాడు అలుగు తన ఇష్టం వచ్చినట్లు వేలాడుతుంది. మంగలికత్తి నేటికీ ఈ పద్ధతిలోనిదే. అందుకే అది పొదిలో ఉండవలసిన వస్తువే గాని జేబులో ఉండవలసినది కాదు.

జేబును దృష్టిలో పెట్టుకొన్న మార్పు 17వ శతాబ్ది రెండవ భాగంలో ఇంగ్లండులోని షెఫీల్డు నగరపు పనివారి చేతుల్లో స్థిరపడింది. పిడి వెన్ను పొడవునా ఒక ఉక్కు పట్టీని అమర్చారు. లారీల కింద మనం చూసే కమాను పట్టీ వంటిదే, కాని చిటికెనవేలంత. దాని ఒక కొస చీలతో బిగిసి ఉంటుంది. రెండవ కొస అలుగు మొదలును సదా నొక్కుతూ ఉంటుంది. ఆ మొదలును గుండ్రంగా గాక పలకలుగా సానబట్టడంలోనే పనితనమంతా ఉన్నది. చాకు మూసినప్పుడు ఒక పలక మీద కమాను ఒత్తుకొని కూర్చుంటుంది. తెరిచినప్పుడు మరొక పలక మీద. ఈ రెండింటి నడుమ ఉండే మూల దాటేటప్పుడు కమాను పైకి లేవాలి. ఆ లేవడానికి కావలసిన బలాన్ని మన బొటనవేలి గోరు ఇవ్వాలి. అలుగు మీద గోరుపట్టు కోసం సన్నని గాడి తీసినది ఇందుకే. మూసేటప్పుడు వినిపించే 'టప్' అన్న చప్పుడు, అలుగు తన స్థానానికి చేరుకొన్నదని కమాను చెప్పే మాట.

ఇందులో గమనించవలసినది ఒకటున్నది. మూసి ఉన్న చాకు కొంచెం తెరుచుకోబోయినా కమాను దానిని తిరిగి మూతవైపే లాగుతుంది. జేబులో ఉన్నంతసేపూ కమాను యజమాని పక్షాన నిలిచి ఉంటుందన్నమాట. మూడు వందల ఏళ్లకు పైగా పెన్సిలు చెక్కుకొనే బడిపిల్లవాని నుండి పండు కోసుకొనే రైలు ప్రయాణికుని వరకు కోట్లాది మంది మడతచాకును నిశ్చింతగా జేబులో వేసుకొన్నారంటే దానికి కారణం ఈ మొగ్గే. (మా ఇంటిలో తరం మారి నాకు దక్కిన చాకుకు కమాను సడలిపోయింది. ఒకనాడు జేబులో చేయి పెట్టినప్పుడు వేలి కొసకు తగిలిన గాటు వల్లనే మొదటిసారిగా నేను కమానును గురించి ఆలోచించాను.)

మూసి ఉన్నప్పుడు కాపాడే ఈ ఏర్పాటు, తెరిచి పనిచేసేటప్పుడు అంత గట్టిది కాదు. మొనతో గట్టిగా పొడిచి తిప్పితే అలుగు వెనుకకు మడిగి వేళ్ల మీద పడుతుంది. అందుచేత తెరిచిన అలుగును బిగించే గడియలు వచ్చాయి. స్పెయిన్ దేశపు 'నవాహా' చాకులో కమానుకు రంధ్రమో గాడో చేసి, అలుగు మొదలున ఉన్న పంటిని అందులో పట్టించారు. పళ్లు ఎక్కువైతే తెరిచేటప్పుడు వరుసగా కటకట చప్పుడవుతుంది. ఫ్రాన్సులోని సవోయ్ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ 1890లో తయారుచేసిన రైతుచాకుకు మొదట ఏ గడియా లేదు. 1955లో దానికి ఒక తిరుగుడు కడియాన్ని చేర్చి, తెరిచిన అలుగు మూసుకోకుండా చేశారు. మూసిన అలుగు తెరుచుకోకుండా కూడా అదే కడియం బిగిసే వీలు 2000లో గాని రాలేదు. చేతిలోని భద్రతకూ జేబులోని భద్రతకూ నడుమ నలభైయైదేండ్ల ఎడం!

నవాహా కటకటకు మన దేశంలో సోదరశబ్దం ఒకటున్నది. అది రాంపురీ చాకుది. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ 1774లో నవాబు ఫైజుల్లాఖాన్ పాలనలో సంస్థానంగా ఏర్పడి, 1949లో భారతదేశంలో విలీనమైనది. అమూల్యమైన తాళపత్ర, కాగిత ప్రతులకు నిలయమైన రజా గ్రంథాలయం ఆ ఊరిదే. హిందూస్తానీ సంగీతంలో రాంపూర్-సహస్వాన్ ఘరానా ఆ పేరుతోనే వెలసినది. ఇంత ఉన్నా సినిమా ప్రేక్షకునికి రాంపూర్ అనగానే స్ఫురించేది చాకే. 1965 నాటి 'వక్త్' చిత్రంలో రాజ్‌కుమార్ చాకును చూపి, ఇది పిల్లలాట కాదని హెచ్చరించిన ఘట్టం తరువాత ఆ ఖ్యాతి మరింత పెరిగింది. ఆ హెచ్చరికను నేను చాకు భద్రతను గురించిన సలహాగా కూడా స్వీకరిస్తాను!

యుద్ధాయుధాల గిరాకీ తగ్గగా ఖడ్గాలు చేసే కుటుంబాలు చాకుల వైపు మళ్లాయని అక్కడివారు చెప్పుకొంటారు. ఇత్తడి పిడి, పొడవైన అలుగు, వెన్నున కమాను: వీటితో చేసిన రాంపురీ చాకులు బజారులో రెండు మూడు పేర్లతో చెలామణి అయ్యాయి. పళ్ల చక్రం ఉన్నది 'గరారీదార్', మీట నొక్కితే తెరుచుకొనేది 'బటన్‌దార్'. ఈ రెండవదానిలో కమాను పక్షం మార్చింది. అది అలుగును మూతవైపు లాగదు, బయటికి తోస్తుంది. దానిని ఆపి ఉంచేది ఒక చిన్న కొక్కెం మాత్రమే. కొక్కెం అరిగినా, జేబులోని తాళపుచెవి మీటను నొక్కినా, బలం ఎవరి పక్షాన పనిచేస్తుందో వేరుగా చెప్పనక్కరలేదు.

చట్టం చూసినది మాత్రం ఈ వైపు నుండి కాదు. 1959 నాటి ఆయుధాల చట్టం కేవలం గృహ, వ్యవసాయ అవసరాల కోసం రూపొందిన పనిముట్లను ఆయుధాల లెక్కలోనుండి మినహాయించింది. 1962 నాటి నిబంధనలు, తొమ్మిది అంగుళాలకు మించిన పొడవుగాని రెండంగుళాలకు మించిన వెడల్పుగాని గల కత్తులను ఆయుధాలలో చేర్చాయి. 1980 అక్టోబరు 29న ఢిల్లీ పాలనా యంత్రాంగం జారీచేసిన ప్రకటన ఇంకొక మెట్టు దిగింది. కమానుతో పనిచేసేవి, గరారీదార్, బటన్‌దార్ చాకులు, యాంత్రికమైన ఏ ఏర్పాటుతోనైనా తెరుచుకొనే లేక మూసుకొనే చాకులు, 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు లేక అంతకు మించి ఉంటే, అనుమతి లేకుండా ఉంచుకోరాదన్నది. 7.62 అంటే సరిగ్గా మూడంగుళాలు. మామూలు కత్తికి తొమ్మిది అంగుళాల వరకు ఉన్న వెసులుబాటు, యంత్రం చేరగానే మూడవ వంతుకు పడిపోయిందన్నమాట.

ఆ మాటల విస్తృతిని పాఠకులు ఒకసారి పరిశీలించవలసి ఉన్నది. దొంగ జేబులోని బటన్‌దార్, కూలివాని జేబులోని గడియచాకు, రెండూ 'యాంత్రికమైన ఏర్పాటు' గలవే. ఢిల్లీ కింది కోర్టులలో ఇట్టి కేసులు సర్వసాధారణమైనాయి. పట్టుబడిన చాకును తెల్లకాగితం మీద పెట్టి పోలీసులు దాని అంచువెంట గీత గీస్తారు. అలుగు పొడవు, పిడి పొడవు, అలుగు వెడల్పు పక్కన రాస్తారు. చాకును గుడ్డలో కట్టి ముద్ర వేస్తారు. ఒక మనిషి స్వేచ్ఛ ఆ కాగితం మీది రెండు మూడు కొలతలపై నిలుస్తుంది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికా 1958లో, బ్రిటన్ 1959లో మీటచాకులను కట్టడి చేస్తూ చట్టాలు చేశాయి. యువకుల ముఠాల వల్ల నాడు కలిగిన భయం ఇందుకు నేపథ్యం. బ్రిటన్ చట్టం నాడు వాడిన మాట 'పిడిలోని లేక పిడికి అమర్చిన మీట'. నలభైయేండ్ల తరువాత ఈ మాటకు ఒక సందు దొరికింది. 1990లలో కెన్ ఆనియన్ అనే అమెరికా రూపకర్త కమాను సాయంతో తెరుచుకొనే చాకును రూపొందించగా, కెర్షా సంస్థ దానిని 1998 నుండి విరివిగా విక్రయించింది. ఇందులో మీట పిడి మీద లేదు. అలుగు మీద ఉన్న చిన్న బొడిపెను బొటనవేలితో నెట్టాలి. మొదటి కొంతదూరం లోపలి ఉక్కుతీగ అలుగును మూతవైపే లాగుతుంది. ఒక హద్దు దాటగానే అదే తీగ పక్షం మార్చి, అలుగును ఒక్క ఊపున బయటికి తోస్తుంది. షెఫీల్డు చాకు, బటన్‌దార్ చాకు ఒకే పిడిలో కాపురం చేసినట్లయింది.

2009లో అమెరికా సుంకాల శాఖ ఇట్టివాటిని మీటచాకులుగా పరిగణించి దిగుమతిని ఆపజూసింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆ దేశపు శాసనసభ చట్టానికి ఒక మినహాయింపు చేర్చింది: అలుగును మూతవైపు మొగ్గేట్లు చేసే ఏర్పాటు ఉండి, ఆ మొగ్గును చేతిబలంతో జయిస్తే గాని తెరుచుకోని చాకు మీటచాకు కాదు. బ్రిటన్ ఇందుకు పూర్తిగా ఎదురుదారి పట్టింది. 2019 నాటి చట్టంలో 'పిడి' అన్న మాటను తీసి 'చాకు' అన్న మాటను పెట్టారు. సగం తెరిచిన స్థితి నుండి తనంతట తాను తెరుచుకొనేవీ అందులో చేరాయి. ఈ నిబంధన 2021 నుండి అమలులోకి వచ్చింది. ఒకే యంత్రాన్ని చూసి ఒక దేశం మొదటి సగాన్ని లెక్కలోకి తీసుకొన్నది, మరొక దేశం రెండవ సగాన్ని.

బ్రిటన్‌లో ఇంకొక వింత ఉన్నది. 1988 నాటి చట్టం ప్రకారం మూడంగుళాలకు మించని మడతచాకును బహిరంగ ప్రదేశంలో ఉంచుకోవచ్చు. అయితే తెరిచినప్పుడు గడియ పడే చాకు 'మడతచాకు' కానేకాదని అక్కడి న్యాయస్థానం 1992లో తీర్పు చెప్పింది. ఎప్పుడంటే అప్పుడు మడిచేటట్లుండాలని దాని తాత్పర్యం. పనివాని వేళ్లు తెగకుండా కాపాడే గడియే అతనిని నేరస్థుని చేయగలదు. ఇతరుల భద్రత కోసం చేసిన చట్టం యజమాని భద్రతను ఆలోచించలేదని నా అభిప్రాయం. చట్టకర్తలను తప్పుపట్టడం కూడా అంత సులభం కాదు. గట్టిగా నిలిచే అలుగు మంచిపనికి ఎంత అనువో, చెడ్డపనికీ అంతే అనువు.

ఇక కమాను సాయంతో తెరుచుకొనే చాకు జేబులో ఎంత క్షేమం? కొత్తదిగా, శుభ్రంగా ఉన్నంతకాలం మూతవైపు మొగ్గు దానిని కాపాడుతుంది. కాని జేబు శుభ్రమైన చోటు కాదు. నూలుపీచు, ఇసుక, చెమట లోపల చేరుతాయి. తిరుగుడు మర వదులవుతుంది. మొగ్గు క్రమంగా బలహీనపడుతుంది. షెఫీల్డు చాకులో ఇట్లా జరిగితే అలుగు కొంచెం వదులవుతుంది, అంతే. ఇందులోనైతే కొంచెం తెరుచుకోవడం హద్దు దాటడానికి మొదటి మెట్టు. కూర్చున్నప్పుడు, వంగినప్పుడు బొడిపె మీద పడిన ఒత్తిడి అలుగును ఆ హద్దు దాటించిందంటే మిగతా పని తీగ చేస్తుంది. కొన్ని చాకులకు మొన దగ్గర జరుపుడు గడియ పెట్టినది ఇందుకే. క్లిప్పుతో తగిలించుకొనేవారు, మొన పైకి ఉన్నప్పుడు అలుగు బయటికి వచ్చే వైపును జేబు వెనుక కుట్టుకు ఆనించి ఉంచుతారు. కుట్టు అడ్డుండగా అలుగు తెరుచుకోలేదు. ముందువైపునకు తిప్పి తగిలిస్తే ఆ అడ్డు ఉండదు, జేబులో దూర్చిన చేతికి ఎదురయ్యేది వాదరే. తాళపుచెవులు, చిల్లరనాణేలు ఉన్న జేబులో దానిని వదులుగా వేయడం ఏ గడియను నమ్ముకొనైనా చేయదగిన పని కాదు.

రాంపూర్‌కు తిరిగి వద్దాము. 1990లలో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలకు మించిన అలుగు గల చాకుల తయారీని నిషేధించింది. యంత్రాలపై తయారైన చవకచాకుల పోటీ దానికి తోడైంది. చాకుల బజారు చిక్కిపోయి, పలు కుటుంబాలు వృత్తిని విడిచాయి. మిగిలినవారు అనుమతించిన కొలతలోనే చేస్తున్నారు. 2023లో ఆ ఊరి కూడలిలో సుమారు ఇరవై అడుగుల రాంపురీ చాకును ప్రతిష్ఠించి, ఆ చోటుకు చాకు చౌరాహా అని పేరుపెట్టారు. ఆ బజారులో అమ్మే చాకు అలుగు మాత్రం నాలుగున్నర అంగుళాలు దాటరాదు.