పోరుచేప యెచ్చట దొరకును?: సిరొంచ సీమ నీళ్ళును, మత్స్యాన్వేషణ చరిత్రయు

పోరుచేప యని లోకమున ప్రసిద్ధి చెందిన చిన్న చేప సయాము దేశపుది. మగచేపలు రెండు ఒకచోట చేరినచో రెక్కలు విప్పి, మొప్పల మూతలు నిక్కించి, ఒకదాని నొకటి కొరికి తీవ్రముగా పోరాడును. మన పల్లెలలో కోడిపందెములవలె ఆ దేశమున చేపపందెములు చిరకాలమునుండి సాగినవి. ఇట్టి చేప తెలుగువారి నీళ్ళలో కలదా? లేనిచో దాని చుట్టములైనను, దాని నడవడి గల చేపలైనను మన వాగులలో, కుంటలలో నున్నవా? ఉన్నచో వానిని ఎచ్చట, ఎట్లు వెదకవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుటలో రెండువందల యేండ్లకు మించిన చరిత్ర మనకు తోడుగా నున్నది. ఆ చరిత్రవలన తేలు సంగతి యొక్కటి. చేపను వెదకుట యనగా ముందుగా దాని నీటిని వెదకుట. ఆ నీటి గుట్టు అచ్చటి జనుల నోటిమాటలో దాగియుండును. మహారాష్ట్రమునందలి సిరొంచ తాలూకాలో, ఇంద్రావతికి చేరువగా ఛత్తీస్‌గఢ్ సరిహద్దున నున్న పాతగూడెము మొదలైన పల్లెలకు ఈ సంగతి మిక్కిలి సంబంధించినది.

సయాము చేప కథ

పోరుచేప శాస్త్రజ్ఞుల చేతికి తొలుత మడుగునుండి రాలేదు, రాజమందిరమునుండి వచ్చినది. తూర్పు ఇండియా కంపెనీ కొలువులోని డేనిష్ వైద్యుడు థియోడోర్ కాంటర్‌కు 1840లో సయాము రాజు చేపలు కొన్ని ఒక మిత్రుని ద్వారా లభించినవి. 1849 నాటి తన మలయా మత్స్యముల పట్టికలో ఆయన వానిని మలయా ప్రాంతపు మరియొక చేపకు పెంపకమువలన నేర్పడిన భేదముగా నెంచెను. అసలు పోరుచేప ప్రకృతిలో కానవచ్చినట్లు లేదనియు, పందెముల గుత్తవలన రాజునకు మంచి రాబడి కలదనియు వ్రాసెను. పందెపు గాజుకుండలో చేపను చూచినవారు దాని పుట్టినింటిని చూడకపోవుటచే నీ పొరపాటు కలిగినది. అరువది యేండ్లు గడచిన పిదప, 1910లో, లండనులోని బ్రిటిష్ మ్యూజియమునకు చెందిన చార్లెస్ టేట్ రీగన్ ఆ రెండును వేరువేరు జాతులని నిర్ణయించి, సయాము చేపకు బెట్టా స్ప్లెండెన్స్ అని పేరిడెను.

1923లో సయాము ప్రభుత్వమునకు మత్స్యవిషయములలో సలహాదారుగా వచ్చిన అమెరికా శాస్త్రజ్ఞుడు హ్యూ స్మిత్ ఆ దేశపు మంచినీటి చేపలను పెక్కేండ్లు పరిశీలించెను. ఆయన బృహద్గ్రంథము 1945లో వెలువడినది. పెంపుడు చేపకు పొడవైన రెక్కలును, మిరుమిట్లు గొలుపు రంగులును ఉండును. అడవిచేప అట్టిది కాదు. దానికి పొట్టి రెక్కలు, మట్టిరంగు మేను. కోపము వచ్చినప్పుడే దాని రంగు పైకి తేలును. వరిమళ్ళలో, గడ్డి మొలచిన గుంటలలో, పారుదల లేని లోతు తక్కువ నీటిలో అది దాగియుండును. వెదకువాడు పెద్దనదిని విడిచి, బురదగట్టున కూర్చుండి, నీటిపై తేలు నురుగు గూటిని కనిపెట్టవలెను. ఆ గూటిని మగచేప నోటితో బుడగలు వదలి కట్టును. ఆడుచేప విడిచిన గ్రుడ్లను అందు చేర్చి కావలి కాయును. 2019లో థాయిలాండ్ ప్రభుత్వము ఈ చేపను తమ జాతీయ జలచరముగా ప్రకటించినది.

మన దేశమున దాని చుట్టములు

బెట్టా ప్రజాతికి చెందిన చేపలు భారతదేశపు నీళ్ళలో సహజముగా లేవు. దాని దగ్గరి చుట్టములు మాత్రము దక్షిణమున కలవు. పుదుచ్చేరి చెంతనున్న అరియాన్‌కుప్పము నదిలో దొరకిన యొక చిన్నచేపను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే 1831లో వర్ణించి, ఆ నదిపేరు మీదుగనే కుపానస్ అని నామకరణము చేసెను. అదియు నురుగు గూడు కట్టునదే. తరంగంబాడిలో నున్న డేనిష్ సైనికోద్యోగి డాల్‌డార్ఫ్ 1791లో ఒక చేప తాటిచెట్టు పైకి ప్రాకుచుండగా చూచితినని వ్రాసెను. ఆ వార్త 1797లో లండనులోని లిన్నేయన్ సంఘపు పత్రికలో వెలువడినది. ఆ చెట్టెక్కు చేపయు నీ గణములోనిదే. ఒడలిపై అడ్డచారలు గల చిన్నచేపల పేరు వంగదేశమున ఖోలిసా. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపలను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఆ దేశీయనామమే శాస్త్రనామముగా స్థిరపడినది.

వీని కన్నిటికి నొక సామాన్యలక్షణము కలదు. మొప్పలపైన నొక చిన్నగది. దానిలో మడతలు పడిన పలుచని యెముకరేకులు. వానిపై నెత్తురునాళముల పొర. చేప నీటిపైకి వచ్చి గ్రుక్కెడు గాలిని మ్రింగి ఆ గదిలో నింపుకొనును. ఎండకు కాగిన నిలువనీటిలో ప్రాణవాయువు తగ్గిపోవును. ఇతర చేపలు చచ్చునట్టి ఆ నీటిలో నిది బ్రతుకును. పైకి రానీయక వలతో నడ్డగించినచో నీటిలోనుండియే ఊపిరాడక చచ్చును. కావున దాని ఉనికిపట్టు నీటికిని గాలికిని నడుమనున్న సందు. పోరుచేపను వెదకువారు కనుపెట్టవలసిన గుర్తు కూడ నిదియే: నీటిమట్టముపై నప్పుడప్పుడు కలుగు చిన్న కదలిక.

సిరొంచ నీళ్ళు

సిరొంచ తాలూకాకు పడమట ప్రాణహిత, దక్షిణమున గోదావరి, తూర్పున ఇంద్రావతి పారుచున్నవి. వార్ధా వైన్‌గంగల కలయికచే నేర్పడిన ప్రాణహిత కాళేశ్వరమునకు ఎదుట గోదావరిలో కలియును. వానకాలమున ఈ నదులు గట్లు తాకును. వేసవిలో ఇసుకదిబ్బల నడుమ మడుగులు మిగులును. ఊరి చెరువులు, కుంటలు, వరిమళ్ళు బురదగా మారును. ఆ బురదయే గాలిపీల్చు చేపల రాజ్యము. కొర్రమీను, మట్టగిడస, మార్పు, ఇంగిలాయి యనునవి ఆ రాజ్యపు ప్రజలు. ఇవి పోరుచేపకు దగ్గరి చుట్టములు కావు. మార్పును ఇంగిలాయియు మీసపు చేపలు. కొర్రమీను మట్టగిడసలది వేరొక కుటుంబము. అయినను ఒకే కష్టమునకు ఇవన్నియు ఒకే విరుగుడు కనుగొన్నవి.

కొర్రమీను నడవడి పోరుచేపను తలపించును. తొలకరితో జంట కలిసి, గట్టువార గడ్డిని తొలగించి, గ్రుడ్లుంచుటకు చోటు సిద్ధపరచును. గ్రుడ్లు నీటిపై తేలును. పిల్లలు పుట్టిన పిమ్మట ఎఱ్ఱని గుంపుగా నీటిపైకి వచ్చి గాలి పీల్చుచుండగా తల్లిదండ్రులు క్రింద కావలియుండును. ఆ గుంపు దరికి కప్ప వచ్చినను, గాలము వచ్చినను తటాలున పైబడును. ఎఱ్ఱని గుంపును చూచి గాలము వేయుట వేటగాండ్రెరిగిన ఉపాయమే. తల్లిదండ్రులు చిక్కినచో పిల్లలు దిక్కులేనివగును. పోరుచేప పోరునకు మూలము సంతానరక్షణము, స్వస్థలరక్షణము; పందెమున మనుష్యుడు దానిని వినోదముగా మార్చెను. కొర్రమీను విషయమున ఆ పోరునే ఎరగా మార్చెను.

గాలిపీల్చు చేపల శాస్త్రమునకు తెలుగు నేలతో సంబంధము కలదు. హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జంతుశాస్త్రాచార్యుడుగా పనిచేసిన బి. కె. దాస్ భారతదేశపు గాలిపీల్చు చేపల జీవనమును, వాని శ్వాసాంగముల పెరుగుదలను గూర్చి 1927లో లండను రాయల్ సొసైటీ పత్రికలో పెద్ద వ్యాసము ప్రకటించెను. 1940లో భారత విజ్ఞాన మహాసభ జంతుశాస్త్ర శాఖకు అధ్యక్షుడై చేసిన ప్రసంగమునకును ఇదియే విషయము. 2016లో తెలంగాణ రాష్ట్రము కొర్రమీనును తన రాష్ట్రచేపగా ప్రకటించినది.

నామములే నిధులు

మన దేశమున మత్స్యములను వెదకిన పరదేశీయులు జాలరుల సహాయము లేక ఒక్క అడుగైనను వేయలేదు. కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా 1785లో నియమితుడైన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణమున చేపలను సేకరించి, 1803లో రెండువందల చేపల వర్ణనములను, చిత్రములను ప్రకటించెను. చేపల కచ్చటి జనులు చెప్పిన పేర్లనే ఆయన వ్రాసికొనెను. వానిలో కానాగంత యొకటి. కువియే 1816లో దానినే గ్రహించి ఆ చేపకు కానగుర్తా యని శాస్త్రనామము చేసెను. విశాఖ తీరపు మాట నేడు ప్రపంచమునందలి ప్రతి మత్స్యశాస్త్ర గ్రంథమునను నిలిచియున్నది. మద్రాసు సైన్యమున వైద్యుడుగా చేరి, పిమ్మట మత్స్యశాఖకు ప్రధానాధికారియైన ఫ్రాన్సిస్ డే 1875 మొదలు 1878 వరకు భాగములుగా వెలువరించిన భారత మత్స్యగ్రంథమునను తెలుగు పేర్లను చేర్చెను.

మన పూర్వులును ఈ విషయమున ఉదాసీనులు కారు. అమరకోశమున చేపల పేర్లలో మద్గురము, శకులము కలవు. వంగభాషలోని మాగుర్, శోల్ అను మాటలు వానినుండి వచ్చినవే; మన మార్పు, కొర్రమీను జాతులకే ఆ పేర్లు చెల్లుచున్నవి. రెండును గాలిపీల్చు చేపలే యగుట గమనింపదగినది. పండ్రెండవ శతాబ్దమున కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున మత్స్యవినోద మను ప్రకరణము కలదు. దానిని గూర్చి వ్రాసి ఆధునికులకు తెలిపినవారిలో భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థ అధ్యక్షుడుగా నుండిన సుందర్‌లాల్ హోరా ముఖ్యుడు.

కొర్రమీను అను పేరిలో మీను అను భాగమును చూడుడు. గోండీలోను చేపకు మీన్ అనియే పేరు. మరాఠీలో కొర్రమీనును మరళ్ అందురు. పాతగూడెము సీమలో ఈ మూడు భాషలును నిత్యము ఒకదాని నొకటి ఒరసికొనుచుండును. ఒకే కుంటలోని ఒకే చేపకు మూడు భాషల జ్ఞానము కాపున్నది.

నది యొకటి, సరిహద్దులు పెక్కు

1860లో నిజాము గోదావరి ఎడమగట్టు సీమను ఆంగ్లేయులకు వదలుకొనెను. సిరొంచ ఎగువ గోదావరి జిల్లాకు ముఖ్యపట్టణమైనది. 1874లో ఆ జిల్లా రద్దయి, సిరొంచ చాందా జిల్లాలో చేరినది. భద్రాచల సీమ మద్రాసు రాజధానిలో చేరినది. 1956లో విదర్భతో పాటు బొంబాయి రాష్ట్రమునకు, 1960లో మహారాష్ట్రమునకు వచ్చినది. 1982లో గడ్చిరోలి జిల్లా యేర్పడినది. 1940 దశకమున మహమూద్, రహీముల్లా అను శాస్త్రజ్ఞులు హైదరాబాదు రాజ్యపు మత్స్య సర్వేక్షణమును బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో ప్రకటించిరి. ఆ రాజ్యపు ఎల్ల ఇచ్చట నదిగర్భముతో ముగిసినది. కుడిగట్టు చేప ఒక రాజ్యపు లెక్కలోనికి వచ్చును. ఎడమగట్టున నున్న దాని తోబుట్టువు వేరొక రాజ్యపుది. చేపకు ఈ గీతలు తెలియవు.

ఈ నేల చేపలను వెదకువారికి క్రొత్తది కాదు. సిరొంచకు ఉత్తరమున ప్రాణహిత ఒడ్డుననున్న కోట గ్రామపు సున్నపురాతిలో పందొమ్మిదవ శతాబ్దపు నడుమనే చేపల శిలాజములు దొరకినవి. వానిలో నొకదానికి దక్కను పేరు చేరి లెపిడోటిస్ దెక్కనెన్సిస్ అను నామము కలిగినది. నది కావలిగట్టు సీమలోని మలేరి రాళ్ళలో ఊపిరితిత్తులు గల ప్రాచీనమత్స్యముల దంతములు లభించినవి. గాలిపీల్చు చేపలకు ఈ సీమ కోట్ల యేండ్లుగా పుట్టినిల్లని ఆ రాళ్ళు పలుకుచున్నవి.

మారుచున్న నీళ్ళు

రాయి మారదు; నీరు మారును. దోమలను అరికట్టుటకై 1928లో ఇటలీనుండి మన దేశమునకు తెచ్చిన గంబూసియా చేప మడుగులలో స్థిరపడి, నీటిపై బ్రతుకు దేశీయ చిన్నచేపల పిల్లలను తినుచున్నది. ఆ దేశీయ చేపలలో దోమపిల్లలను తినునవి కలవు. ఆఫ్రికా మార్పు పెంపకమును భారత ప్రభుత్వము నిషేధించినది. అది తిండిపోతై దేశీయ జాతులను నశింపజేయుటయే హేతువు. సిరొంచ తాలూకా గట్టునకును మేడిగడ్డకును నడుమ గోదావరిపై కట్టిన ఆనకట్ట 2019 జూన్‌లో ప్రారంభమైనది. 2023 అక్టోబరులో దాని స్తంభములు కొన్ని కుంగినవి. పారునీరు నిలువనీరైనప్పుడును, నిలిచిన నీరు తగ్గిపోయినప్పుడును గట్టువార బురద, గడ్డి, లోతు మారును. గూడు కట్టు చేపకు ఆ గట్టువారయే సర్వస్వము.

నీరు మారినప్పుడు పేరును జారిపోవును. ఇంట కొర్రమీనుగా నెరిగిన చేపను బడిలో వేరొక భాషలో చదువు బాలునకు ఇంటిమాట క్రమముగా మరుగున పడును. మాటతోపాటు, ఆ చేప ఏ నెలలో గ్రుడ్లు పెట్టును, ఏ గడ్డిక్రింద దాగును, ఇంగిలాయి ముల్లు గ్రుచ్చుకొనకుండ ఎట్లు పట్టవలె నను తెలివియు పోవును. కావున పాతగూడెము సీమలో చేయదగిన పని పెద్ద ఖర్చు గలది కాదు. బెస్తవారి, గోండుల పెద్దల నడిగి ప్రతిచేపకు తెలుగు, గోండీ, మరాఠీ పేర్లను వరుసగా వ్రాయవలెను. ప్రతిపేరు ప్రక్కన చేప దొరకిన నీరు, నెల, లోతు, నీటిగడ్డి చేర్చవలెను. పిల్లలతోనున్న కొర్రమీను జంటను పట్టరాదని బాలురకు బోధింపవలెను. రస్సెల్ విశాఖలో చేసిన పని ఇట్టిదే. ఆయనకు పరభాషయైన మాట మన పిల్లలకు తల్లిభాష. తొలకరి వానకు కుంటలు నిండిన నాడు గట్టున కూర్చుండి నీటిపైకి వచ్చు గ్రుక్కెడు గాలి బుడగను లెక్కించుటతో ఈ వెదకులాట మొదలుపెట్టవచ్చును.