ఆపడం కుదరదమ్మా!

మొన్న వేసవిలో ఒక రాత్రి మా ఇంట్లో పెద్ద గొడవైంది. పెసరట్లు వేస్తున్నాను. పెసరట్టు సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా, పెనం మీంచి నేరుగా కంచంలోకి రావాలి. పది నిమిషాలు ఆగితే సాగుతుంది. "రారా, చల్లారిపోతోంది" అని మా అబ్బాయిని నాలుగుసార్లు పిలిచాను. ఫోన్లోంచి తలెత్తకుండా, "ఆగమ్మా, మధ్యలో ఆపడం కుదరదు" అన్నాడు. ఐదోసారి పిలవలేదు. వెళ్లి వైఫై డబ్బా స్విచ్చి కట్టేశాను.

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వంటింటి గుమ్మం దగ్గరకొచ్చి నిలబడి, "నేనొక్కణ్ణే ఓడిపోతే పర్లేదమ్మా. మా జట్టులో ఇంకో ముగ్గురున్నారు. నావల్ల వాళ్లూ ఓడిపోయారు. రేపట్నుంచి నన్ను పిలవరు" అని, గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. పెసరట్లు అలాగే ఉండిపోయాయి. రెండు రోజులు నాతో ముక్తసరిగానే మాట్లాడాడు.

నిజం చెప్పొద్దూ, వాడు సాకు చెబుతున్నాడనే అనుకున్నాను. ఎందుకంటే మా తమ్ముడు చిన్నప్పుడు టీవీకి తగిలించి ఆడిన వీడియో గేముకి ఆపే బటన్ ఉండేది. అమ్మ అన్నానికి పిలిస్తే అది నొక్కి వచ్చేవాడు. తెర మీద బొమ్మ గాల్లోకి ఎగిరినది ఎగిరినట్టే నిలిచిపోయేది. ముప్పై ఏళ్ల కిందటి చవక డబ్బాలో ఉన్న సౌకర్యం ఇప్పటి వేల రూపాయల ఫోన్లో లేకపోవడమేమిటి? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మధ్యాహ్నాలు పని తెమిలాక కూర్చుని చదివాను, తమ్ముడికి ఫోన్ చేసి వాణ్ణీ విసిగించాను. వీడియో గేముల్లో మనకీ పిల్లలకీ కూడా చిరాకు తెప్పించే సంగతులు కొన్ని ఉన్నాయే, మూడే ప్రాణాలు, ఆపలేకపోవడం, మళ్లీ మొదట్నుంచి ఆడమనడం, వేచి ఉండమనడం, వాటన్నిటికీ ఒక చరిత్ర ఉందని అప్పుడు తెలిసింది.

ఈ చరిత్ర రూపాయి బిళ్ళతో మొదలవుతుంది. రూపాయి కాదులెండి, వాళ్ల దేశపు నాణెం. 1972లో అమెరికాలోని సన్నీవేల్ అనే ఊళ్లో, ఒక మద్యశాలలో అటారీ కంపెనీ వాళ్లు పాంగ్ అనే ఆట యంత్రాన్ని పెట్టారు. తెర మీద అటో గీత, ఇటో గీత, మధ్యలో చుక్క లాంటి బంతి, అంతే ఆట. కొన్నాళ్లకి యంత్రం పాడైందని కబురొస్తే, దాన్ని తయారుచేసిన అలన్ ఆల్కార్న్ వెళ్లి విప్పి చూశాడట. లోపల చెడిందేమీ లేదు. నాణేల డబ్బా నిండిపోయి కొత్త నాణెం దిగడం లేదు!

ఇక యంత్రం యజమాని వైపు నుంచి ఆలోచించండి. ఒకడు ఒక్క నాణెం వేసి సాయంత్రం దాకా ఆడుతూ కూర్చుంటే ఆయనకేం మిగులుతుంది? కాబట్టి ఆట త్వరగా అయిపోవాలి, ఆడేవాడికి మాత్రం "ఇంకొక్కసారి ఆడితే గెలిచేవాణ్ణి" అనిపించాలి. 1978లో జపాన్‌లో టైటో కంపెనీ కోసం తొమొహిరో నిషికాడో తయారుచేసిన స్పేస్ ఇన్వేడర్స్‌లో ఆ కిటుకు బాగా కనిపిస్తుంది. నాణెం వేస్తే కొన్ని ప్రాణాలిస్తారు. పైనుంచి వరసలు కట్టి దిగే శత్రువుల్ని కాల్చేకొద్దీ మిగిలినవాళ్ల వేగం పెరుగుతుంది. తమాషా ఏమిటంటే, అది మొదట అనుకుని పెట్టింది కాదు. తెర మీద బొమ్మలు తగ్గేకొద్దీ యంత్రానికి పని తగ్గి, మిగిలినవాటిని వేగంగా నడిపేది. అదీ బాగానే ఉందని నిషికాడో అలాగే ఉంచేశాడు. ఆడేవాళ్లు ఊపిరి బిగబట్టి ఆడారు, నాణేలు పడ్డాయి.

తర్వాత ఇంకో పద్ధతి వచ్చింది. ప్రాణాలన్నీ అయిపోయాక తెర మీద అంకెలు తగ్గుతూ వస్తాయి. సున్నా వచ్చేలోగా ఇంకో నాణెం వేస్తే ఆగినచోట నుంచే ఆడొచ్చు, లేకపోతే మళ్లీ మొదటికే. 1988లో టెక్మో కంపెనీ తెచ్చిన నింజా గైడెన్ యంత్రంలోనైతే, కథానాయకుణ్ణి బల్లకి కట్టేసి, పైనుంచి తిరిగే రంపం దించేవారు. నాణెం వేస్తే బతుకుతాడు! జేబులో ఆఖరి చిల్లర ఉన్న పిల్లవాడి గుండె ఎలా కొట్టుకునేదో ఊహించుకోండి. మా ఊళ్లో బస్టాండు పక్కన వీడియో గేమ్ పార్లర్ ఉండేది. పాలకని ఇచ్చిన డబ్బుల్లో చిల్లర తగ్గినప్పుడల్లా నాన్న తమ్ముడి కోసం వెతికే మొదటి చోటు అదే.

అలాంటి యంత్రాల్లో ఆపే బటన్ ఎందుకుంటుంది? ఒకడు ఆపి టీ తాగొస్తే, వెనక నాణెం పట్టుకుని నిలబడ్డవాడి గతేమిటి? దుకాణంలో ఆట ఆగితే సంపాదన ఆగినట్టే.

ఆట ఇంట్లోకి వచ్చాక లెక్క మారింది. డబ్బాకీ క్యాసెట్‌కీ డబ్బు ఒక్కసారే కట్టేశాం, ఆ తర్వాత ఎంతసేపు ఆడితే కంపెనీకేంటి? 1976లో అమెరికాలో ఫెయిర్‌చైల్డ్ ఛానెల్ ఎఫ్ అనే డబ్బా వచ్చింది. క్యాసెట్లు మార్చుకుంటూ రకరకాల ఆటలు ఆడుకునే పద్ధతి దానితోనే మొదలైంది. జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీరు నడిపించిన బృందం తయారుచేసింది దాన్ని. ఆ డబ్బా మీద "హోల్డ్" అని ఒక బటన్ ఉంది. నొక్కితే ఆట ఉన్నపళంగా ఆగిపోతుంది! అది చదివినప్పుడు నాకు ఎంత సంతోషమేసిందో. అది పెట్టినవాళ్ల మనసులో ఏముందో గానీ, నాకు మాత్రం వంటింట్లోంచి పిలిచే అమ్మే కనిపించింది. 1982లో అటారీ 5200కి కూడా పాజ్ బటన్ వచ్చింది. 1983లో నింటెండో వాళ్ల ఫామికామ్ వచ్చింది. దాని స్టార్ట్ బటన్‌తోనే మారియోని గాల్లో నిలబెట్టేయొచ్చు. మా తమ్ముడి దగ్గరున్నది దానికి నకలే, అసలుది కొనే స్తోమత మాకెక్కడిది!

అయితే దుకాణంలో అబ్బిన కొన్ని బుద్ధులు ఇంటికొచ్చినా పోలేదు. ఇంట్లో ఎవరూ నాణెం అడగకపోయినా మూడు ప్రాణాల లెక్క అలాగే ఉండిపోయింది. 1985లో క్యాప్‌కామ్ తెచ్చిన ఘోస్ట్స్ అన్ గాబ్లిన్స్ అనే ఆటలో, చచ్చీ చెడీ చివరికొచ్చాక, ఇదంతా మాయ, మళ్లీ మొదట్నుంచి ఆడితేనే అసలు ముగింపు అంటుంది. మారియోలో ఏడు కోటలు గెలిచినా ప్రతిసారీ యువరాణి ఇక్కడ లేదు, ఇంకో కోటలో ఉందంటారు. ఎనిమిదింటిని దాటాలి. ఒక్కో లోకానికి నాలుగు మెట్లు, మొత్తం 32. దాచుకోవడం లేదు, డబ్బా కట్టేస్తే అంతా పోయినట్టే.

మన ఊళ్లలో అయితే మనం కట్టేయక్కర్లేదు, కరెంటు వాళ్లే కట్టేసేవారు. ఎండాకాలం మధ్యాహ్నం మా తమ్ముడు ఏడో లోకం దాకా వెళ్లాక కరెంటు పోయిన రోజు నాకింకా గుర్తే. వాడు ఏడ్చాడు. నేను పక్కనే కూర్చుని నవ్వాను. పాపం అనిపించలేదు అప్పుడు.

ఆడేవాళ్ల ఈ కష్టం తీర్చడానికి జపాన్ వాళ్లు చాలా తంటాలు పడ్డారు. 1986లో ఎనిక్స్ కంపెనీ తెచ్చిన డ్రాగన్ క్వెస్ట్‌లో, ఆట ఆపేముందు తెర మీద 20 అక్షరాలు ఇచ్చేవారు. అవి కాగితం మీద రాసుకుని, మర్నాడు అలాగే కొడితే ఆగినచోట నుంచి ఆడొచ్చు. రెండో భాగంలో ఆ అక్షరాలు 52 దాకా అయ్యాయి! ఒక్క అక్షరం తప్పు రాసుకుంటే అంతా గంగపాలు. అదే 1986లో జెల్డా కథ ఫ్లాపీ డిస్కులో దాచుకునేలా వచ్చింది. మరుసటేడు అమెరికాకి పంపినప్పుడు క్యాసెట్లోనే చిన్న బ్యాటరీ పెట్టి, కరెంటు పోయినా ఆట పోకుండా చేశారు. అలాంటి క్యాసెట్ ఒక్కటి మా ఇంట్లో ఉండుంటే, తమ్ముడికి ఆ రోజు కన్నీళ్లు తప్పేవి.

తమ్ముడికి మాత్రం ఇంకో మార్గం దొరికింది. కాంట్రా ఆటలో మూడు ప్రాణాలు చాలక అల్లాడుతుంటే, ఎవరో స్నేహితుడు ఒక మంత్రం చెప్పాడు. పైకి, పైకి, కిందకి, కిందకి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఆ పైన బి, ఎ. మూడు ప్రాణాలు ముప్పై అవుతాయి! ఎక్కాలు రానివాడికి ఇది మాత్రం నిద్రలో లేపినా వచ్చేది. దీని పుట్టుక ఇప్పుడు తెలిసింది. కొనామీ కంపెనీలో కజుహిసా హాషిమోతో అనే ఆయన 1986లో గ్రేడియస్ అనే ఆటని ఇళ్లలో ఆడే డబ్బాకి అనువుగా మార్చారు. పరీక్షించి చూద్దామంటే అది ఆయనకే కష్టంగా ఉంది. అందుకని తనకోసం ఈ అడ్డదారి పెట్టుకున్నారు. వండినవాళ్లే తినలేని కారం అన్నమాట!

సరే, ఇలా ఇరవై ఏళ్లు కష్టపడి పాజ్, సేవ్ సంపాదించుకున్నాక, మళ్లీ అవి ఎందుకు పోయాయి? రెండు కారణాలు కనిపించాయి నాకు.

ఒకటి, ఇంటర్నెట్. 2017లో పబ్‌జీ వచ్చింది, మరుసటేడు ఫోన్లోకీ వచ్చింది. వందమంది ఒకేసారి ఒక దీవిలో దిగి, చివరికి మిగిలినవాళ్లు గెలిచే ఆట. ఆ జాతి ఆటల్లో ఒక్కరి కోసం ఆపాలంటే వందమందినీ ఆపాలి. నడుస్తున్న రైల్లోంచి పెసరట్టు కోసం దిగి మళ్లీ ఎక్కడం ఎలా కుదరదో, ఇదీ అంతే. అంటే మావాడు చెప్పింది సాకు కాదు, అక్షరాలా నిజం. నేను ఆ రోజు కట్టేసింది వాడి ఆటనొక్కదాన్నే కాదు.

రెండోది, నాణెం తిరిగిరావడం. ఆట ఉచితమన్నారు కదా, మరి డబ్బెలా వస్తుంది? 2009లో ఫేస్‌బుక్‌లో వచ్చిన ఫార్మ్‌విల్ మీలో చాలామంది ఆడే ఉంటారు. స్ట్రాబెర్రీలు వేస్తే నాలుగు గంటల్లో పంట. చెప్పిన వేళకి వెళ్లి కోయకపోతే ఎండిపోయేవి. 2012లో వచ్చిన క్యాండీ క్రష్‌లో ఐదు ప్రాణాలు. పోయిన ఒక్కోదానికీ అరగంట ఆగాలి, లేదా స్నేహితుల్ని అడుక్కోవాలి, లేదా డబ్బు కట్టాలి. చూశారా, 1978 నాటి ప్రాణాలు, 1988 నాటి రంపం, రెండూ కొత్త చీర కట్టుకుని వచ్చాయి. పార్లర్లో యజమాని ఊళ్లో ఉండేవాడు, ఇప్పుడు మన అరచేతిలోకి వచ్చాడు.

ఇక్కడ నా గుట్టు కూడా విప్పాలి. ఇదంతా చదువుతూ, ఆ కంపెనీల్ని తిట్టుకుంటూ, మధ్యమధ్యలో నేను చేస్తున్న పనేమిటో తెలుసా? రంగుల బిళ్ళలు జతచేసే ఒక ఆట ఆడుతున్నాను. ప్రాణాలైపోతే మా ఆడపడుచుని అడుగుతాను, ఆవిడకి అయిపోతే నన్ను అడుగుతుంది. పండక్కి ఫోన్ చేసుకోవడం మరిచిపోయినా ప్రాణాలు పంపుకోవడం మాత్రం మరవలేదు. ఒకరోజు అలాగే పొయ్యి మీద పాలు పొంగిపోతే మావాడు పరిగెత్తుకొచ్చి గ్యాస్ కట్టేసి, "ఆపడం కుదర్లేదా అమ్మా?" అన్నాడు. వెటకారంగా కూడా అనలేదు. నాకే సిగ్గేసింది, ఎందుకంటే నా ఆటకి ఆపే వీలుంది.

ప్రభుత్వాలు ఏమీ చేయట్లేదని కాదు. లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే పెట్టెలు జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది. చైనాలో 2021 నుంచి పిల్లలకి శుక్ర, శని, ఆదివారాలూ సెలవు రోజుల్లో రాత్రి ఒక్క గంటే ఆన్‌లైన్ ఆట. బటన్లు తికమకగా పెట్టి పిల్లల చేత అనుకోకుండా కొనిపించారని ఫోర్ట్‌నైట్ కంపెనీ మీద అమెరికాలో అభియోగం వస్తే, 2022లో 24.5 కోట్ల డాలర్లు వెనక్కివ్వడానికి ఒప్పుకుంది. మంచిదే. కానీ రాత్రి ఎనిమిదిన్నరకి మా వంటింట్లో పెసరట్టు చల్లారకుండా చూడ్డానికి ఏ ప్రభుత్వమూ రాదు కదా.

అందుకే వాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడాను. ముందు, వైఫై కట్టేసినందుకు నాదే తప్పన్నాను. మాటలు కూడదీసుకోవడానికి కాస్త సమయం పట్టింది, పిల్లలకి క్షమాపణ చెప్పే అలవాటు మన పెద్దవాళ్లు మనకి నేర్పలేదుగా. తర్వాత ఇంకో మాటా అన్నాను. "మధ్యలో ఆపడం నీ చేతిలో లేదు, ఒప్పుకున్నాను. మొదలుపెట్టడం నీ చేతిలోనే ఉంది కదా?" వాడు కాసేపు ఆలోచించి, ఒక్కో ఆట ఇంచుమించు అరగంట పడుతుందన్నాడు. ఎనిమిది దాటాక కొత్త ఆట మొదలుపెట్టకూడదు, ఎనిమిదిలోపు మొదలెట్టినదాన్ని నేను ఆపమనకూడదు, ఇదీ మా ఒప్పందం. వాడు రెండుసార్లు మాట తప్పాడు, నేను ఒకసారి అరిచాను. మిగతా రోజులు బాగానే నడుస్తోంది.

నిన్న రాత్రి ఎనిమిదికి పది నిమిషాలుందనగా గదిలోంచి కేకేశాడు, "అమ్మా, ఇప్పుడే దిగాం, ఇరవై ఐదు నిమిషాలు!" అని. పెనం దించేసి, అల్లం తరుగుతూ కూర్చున్నాను.