వివాహములయందు గ్రామధర్మము: అమీరుపేట, పంజగుట్ట ప్రాంతములు

ఆశ్వలాయనుఁడు తన గృహ్యసూత్రమున వివాహప్రకరణారంభమునందే జనపదధర్మములును గ్రామధర్మములును నానావిధములుగా నున్నవనియు, వానిని వివాహమునం దనుసరింపవలయు ననియు విధించెను. ఆపస్తంబుఁడు మంత్రరహితక్రియలను స్త్రీలవలన నెఱుంగవలయు ననెను. స్వగ్రామమును విడువనివారికి గ్రామధర్మము స్పష్టము. పలుగ్రామములవా రొక్కచోఁ గూడినపు డేది గ్రామధర్మము?

ఈ విచారమునకు హైదరాబాదునందలి అమీరుపేట, పంజగుట్ట ప్రాంతములు తగిన యుదాహరణములు. ఈ పేరులే కలయికకు సాక్ష్యములు: అమీరు, పంజా యన్యదేశ్యములు, పేట, గుట్ట తెలుఁగుపదములు. 1953లో నేర్పడిన యాంధ్రరాష్ట్రమునకు రాజధాని కర్నూలు. 1956 నవంబరు 1న నాంధ్రప్రదేశ మేర్పడఁగా రాజధాని హైదరాబాదాయెను. ఉద్యోగములకై, పిదపఁ జదువులకై, వర్తకమునకై వచ్చిన సర్కారుజిల్లాల, రాయలసీమ, తెలంగాణముల కుటుంబము లిచట నిరుగుపొరుగులైనవి.

వారితోఁ బెండ్లియాచారములును వచ్చెను. సర్కారుజిల్లాల బ్రాహ్మణులకు స్నాతకము, కాశీయాత్ర ముఖ్యములు. తెలంగాణమున మైలపోలు తీయుట, ఒడిబియ్యము పోయుట ప్రసిద్ధములు. జీలకఱ్ఱబెల్లము, తలఁబ్రాలు, అప్పగింత లుభయసమానములు. తలఁబ్రాలనఁగాఁ దలపైఁ బోయు ప్రాలు, అనఁగా బియ్యము. అయిరేని, అరివేణి యనునవి పెండ్లికుండలకే రూపాంతరములు. కావున భేదములలోఁ గొన్ని పేరులయందే గాని వస్తువునందు లేవు.

మంత్రభాగము పురోహితుని వశమున నుండుటచే నంతగా మాఱలేదు. మాఱినది వస్తువులను, మనుష్యులను నాశ్రయించిన భాగము. పందిరిరాట పాఁతుటకు నేల కావలయును. మేడ యంతస్తున నేల యేది? అయిరేని కుండలను మేళతాళములతోఁ గుమ్మరి యింటినుండి తెచ్చుట యాచారము. నగరమునఁ గుండ యంగడిలో దొరకును. కుమ్మరితోడి తరతరముల సంబంధము దొరకదు. అయిదుదినముల పెండ్లి కల్యాణమండపమున నొక్కదినమునకుఁ గుదించుకొన్నది. విద్యుద్దీపకాంతిలో నరుంధతి కానరాకున్నను, పురోహితుఁ డాకాశమును జూపుచునే యున్నాఁడు.

ఇట్లు కొన్ని నశించినను, భిన్నప్రాంతీయులు వియ్యమందినచోట నొక్క పందిటనే కాశీయాత్రయు నొడిబియ్యమును జరుగుటకుఁ దావేర్పడినది. అట్టిచోట నేది నిలువవలయునో యేది విడువవలయునో నిర్ణయించువారు పండితులు గారు, ఇరువైపుల ముత్తైదువలు. ఆపస్తంబుని మాట యిచటనే సార్థకము. గ్రామధర్మము నేలను విడిచి వృద్ధస్త్రీల జ్ఞాపకమునఁ గాఁపుర మున్నది. ఆ జ్ఞాపకమునకు వ్రాఁతప్రతి లేదు. ఒక యవ్వ గతించిన నొక గ్రంథము పోయినట్లే. తాళపత్రములకై యూరూరఁ దిరిగిన పరిశోధకులు తమ యింటి యవ్వల మాటలను లిఖించుట యిఁక నాలస్యము చేయఁదగని కార్యము.